ముప్పై ఏడు రోజులు

1885 నవంబరు 9. పారిస్‌లో ఉల్మ్ వీధిలోని లూయీ పాశ్చర్ ప్రయోగశాలకు ఒక తల్లీ తండ్రీ తమ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. పిల్ల పేరు లూయీజ్ పెల్తియే. పదేళ్లది. పెద్ద కుక్క ఒకటి మీదపడి తల మీద కరిచింది. గాయం ఇంకా మానలేదు, చీము పడుతోంది.

ఎప్పుడు కరిచింది?

అక్టోబరు 3న.

అంటే ముప్పై ఏడు రోజులైంది.

పాశ్చర్ అప్పటికి ఐదేళ్లుగా రేబిస్ మీదే పనిచేస్తున్నాడు. ఈ జబ్బు కాటు పడిన చోటి నుంచి మెల్లగా మెదడుకు పాకుతుందని, అక్కడికి చేరేలోపు ఒంట్లో దాన్ని ఎదిరించే శక్తి పుట్టిస్తేనే మనిషి దక్కుతాడని ఆయనకు తెలుసు. కాలి మీద కరిస్తే ఆ దారి పొడవు. తల మీద కరిస్తే మెదడు పక్కనే. పైగా నెల దాటిపోయింది.

ఆయనకు ఇంకో సంగతి కూడా తెలుసు. తన టీకా గురించి లోకానికి తెలిసి అప్పటికి రెండు వారాలే. ఈ పిల్ల చనిపోతే టీకాయే చంపిందని అంటారు. ఆ మాట ఒకసారి పాకితే రేపు బతకగలిగినవాళ్లు కూడా భయపడి రారు. చేయి అడ్డం పెట్టి వెనక్కి పంపడానికి కావలసినన్ని కారణాలున్నాయి. కానీ ఎదురుగా అమ్మానాన్నా బతిమాలుతున్నారు. ఆయన కాదనలేకపోయాడు. సూదులు మొదలయ్యాయి.

అదే ఏడాది, నాలుగు నెలల ముందు, ఆయన దగ్గరికి ఇంకో పిల్లవాడు వచ్చాడు. వాడు బతికాడు. వాడి కథ ప్రపంచమంతా చెప్పుకుంది. ఈ పిల్ల కథ చాలామందికి తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రేబిస్‌కు మనిషి ఎందుకు బలవుతాడో తెలుస్తుంది.

*

1885 జులై 4. అల్సాస్. అప్పటికి ఆ ప్రాంతం జర్మనీ ఏలుబడిలో ఉంది. తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ పొద్దున్నే ఒంటరిగా బడికి నడిచి వెళుతున్నాడు. థియోడోర్ వోన్ అనే కిరాణా వ్యాపారి కుక్క ఉన్నట్టుండి మీదకు దూకి కిందపడేసింది. పిల్లవాడు తిరగబడలేక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అది చేతుల మీద, కాళ్ల మీద, తొడల మీద కరుస్తూనే ఉంది. దూరం నుంచి చూసిన ఒక తాపీ మేస్త్రీ ఇనుప కడ్డీతో పరిగెత్తుకొచ్చి దాన్ని తరిమేదాకా వదల్లేదు. లెక్కపెడితే పద్నాలుగు గాట్లు.

ఆ కుక్క తిన్నగా ఇంటికి పోయి యజమాని చేయే పట్టుకుంది. ఆయన తుపాకీ తీసి కాల్చేశాడు. పొట్ట కోసి చూస్తే లోపల ఎండుగడ్డి, పీచు, కర్రముక్కలు ఉన్నాయి. తిండి కానిదంతా మింగేసిన కుక్క పిచ్చిదేనని ఆ రోజుల్లో పల్లెవాళ్లకు తెలుసు.

సాయంత్రం పిల్లవాణ్ని విల్లే అనే ఊళ్లో డాక్టర్ వెబర్ దగ్గరికి తీసుకెళ్లారు. అప్పటికే పన్నెండు గంటలు గడిచాయి. ఆయన గాయాలను కార్బాలిక్ ఆమ్లంతో కాల్చాడు. ఆ రోజుల్లో డాక్టర్ల చేతిలో ఉన్న వైద్యం అంతే. అంతకుముందైతే ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టేవాళ్లు. పాశ్చర్ చిన్నప్పుడు అర్బువా అనే ఊళ్లో పిచ్చితోడేలు కరిచినవాళ్లను కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకెళ్లి వాతలు పెట్టారు. 1831 నాటి మాట. ఎనిమిదేళ్ల పాశ్చర్ ఆ కేకలు విన్నాడు. జీవితాంతం మరిచిపోలేదు.

వెబర్ గాయం కాల్చి, కట్టుకట్టి, ఇక దేవుడిమీద భారం వేయమని పంపేయవచ్చు. పల్లె వైద్యుడు అలా చేసినా తప్పుపట్టేవారు లేరు. ఆయన మాత్రం పారిస్‌లో పాశ్చర్ అనే ఒకాయన కుక్కల్లో రేబిస్‌ను ఆపగలుగుతున్నాడని, వెంటనే అక్కడికి వెళ్లమని చెప్పాడు.

పాఠ్యపుస్తకాల్లో పాశ్చర్ ఉంటాడు, మైస్టర్ ఉంటాడు. వెబర్ కనబడడు. నాకు మాత్రం ఈ కథలో ఆ పల్లె డాక్టరే పెద్దవాడిగా కనిపిస్తాడు. ఆయన చేతిలో మందు లేదు. మందు ఎక్కడుందో తెలుసు, ఆ కబురు సమయానికి చెప్పాడు. తల్లి, పిల్లవాడు, చేతికి కాటు తగిలిన కిరాణా వ్యాపారి, ముగ్గురూ బయల్దేరి జులై 6న పారిస్ చేరారు. వ్యాపారికి పళ్లు చొక్కాలోంచి చర్మంలోకి దిగలేదని చూసి పాశ్చర్ ఆయన్ని ఇంటికి పంపేశాడు. పిల్లవాడి గాయాలు చూసి మాత్రం పాశ్చర్ నిలవలేకపోయాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. పాశ్చర్ వైద్యుడు కాదు, రసాయన శాస్త్రవేత్త. మనిషికి సూది వేసే హక్కు చట్టం ప్రకారం ఆయనకు లేదు. అందుకే వుల్పియాన్, గ్రాంషే అనే ఇద్దరు వైద్యులతో మాట్లాడాడు. పిల్లవాణ్ని చూసి ఇద్దరూ సరేనన్నారు. ఆ రాత్రి ఎనిమిది గంటలకు మొదటి సూది వేసింది గ్రాంషే. కాటు పడి అప్పటికి అరవై గంటలు. సూదిలో ఉన్నది రేబిస్‌తో చచ్చిన కుందేలు వెన్నుపాము. పదిహేను రోజులు ఎండబెట్టి బలం తగ్గించినది. రోజురోజుకీ బలమైన మోతాదులకు వెళ్లారు. పది రోజుల్లో పదమూడు సూదులు. పిల్లవాడు కోళ్లతో, కుందేళ్లతో ఆడుకుంటూ హాయిగా ఉన్నాడు. నిద్రలేనిది పాశ్చర్‌కు. చివరి సూదిలో ఉన్నది ఎండబెట్టి ఒక్కరోజు మాత్రమే అయిన వెన్నుపాము. అప్పటికి పిల్లవాడికి రక్షణ రాకపోతే ఆ సూదే వాణ్ని చంపుతుంది.

వాడికేం కాలేదు. పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

ఈ విజయం ఒక్కడిది కాదు. ఆ మాట పాశ్చర్ గొప్పతనాన్ని తగ్గించదు. 1880 డిసెంబరులో రెండు పిచ్చికుక్కల్ని ప్రయోగశాలకు పంపి ఈ పని మొదలుపెట్టించింది బూరెల్, సైన్యంలో పనిచేసి వచ్చిన పశువైద్యుడు. కుక్క నుంచి కుందేలుకు రేబిస్ ఎక్కించవచ్చని 1879లోనే చూపించింది గాల్తియే, లియోన్ పశువైద్య కళాశాల ఆచార్యుడు. కుందేలు లేకపోతే ఆ వెన్నుపాము లేదు, టీకా లేదు. వెన్నుపామును సీసాలో వేలాడదీసి ఎండబెట్టే పద్ధతి వెనుక పాశ్చర్ సహచరుడు, వైద్యుడు ఎమీల్ రూ చేయి ఉంది. పశువుల డాక్టర్లు దారి చూపారు, రసాయన శాస్త్రవేత్త మందు చేశాడు, పిల్లల వైద్యుడు సూది వేశాడు. ఈ జబ్బును మొదటిసారి ఓడించింది ఇలా కలిసిన చేతులే.

*

ఇక రెండో పిల్లవాడు. అదే ఏడు అక్టోబరు 14న జూరా కొండల్లో విల్లేర్ ఫార్లే అనే పల్లె. ఆరుగురు పిల్లలు పశువులు కాస్తుండగా పిచ్చికుక్క వచ్చింది. వాళ్లలో పెద్దవాడు జాన్ బాప్తిస్త్ జుపీయ్, పదిహేనేళ్ల వాడు, మిగతా పిల్లలు పారిపోవడానికి తాను దానికి ఎదురెళ్లాడు. ఎడమచేయి దాని నోట్లో ఉండగానే కుడిచేత్తో దాని దవడలు విడదీశాడు, కొరడా తాడుతో మూతి కట్టాడు, చెక్కచెప్పు తీసి కొట్టి చంపాడు. రెండు చేతులూ చీలిపోయాయి.

ఆ ఊరి మేయర్ పెర్రో చేసిన పని చూడండి.  చచ్చిన కుక్కను పశువైద్యులు కోసి చూసి పిచ్చిదేనని తేల్చారు. మేయర్ వెంటనే పాశ్చర్‌కు ఉత్తరం రాశాడు, పాశ్చర్ రమ్మన్నాడు. అక్టోబరు 20న మొదటి సూది పడింది. ఆరు రోజుల ఆలస్యం. వాడు కూడా బతికాడు.

అక్టోబరు 26న పాశ్చర్ విజ్ఞాన శాస్త్ర అకాడమీలో మైస్టర్ సంగతి, జుపీయ్ సంగతి చెప్పాడు. మర్నాటి నుంచి పత్రికలు రాశాయి. కాటు పడినవాళ్లు వరుసకట్టారు.

ఇప్పుడు లూయీజ్ దగ్గరికి వద్దాం. ఆ పిల్లను కుక్క కరిచింది అక్టోబరు 3న. పారిస్‌కు ఎంతో దూరంలో కాదు, దగ్గర్లోనే. అల్సాస్ పిల్లవాడు దేశపు సరిహద్దు దాటి రెండు రోజుల్లో వచ్చాడు. జూరా పిల్లవాడు ఆరో రోజుకు వచ్చాడు. పక్కనే ఉన్న పిల్ల ముప్పై ఏడో రోజున వచ్చింది. వాళ్లకు వెబర్ ఉన్నాడు, పెర్రో ఉన్నాడు. ఈ పిల్లకు కాటు పడిన నాటికి ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు పక్కన లేరు. పత్రికల్లో కబురు వచ్చేసరికి మూడు వారాలు దాటిపోయాయి.

సూదులన్నీ అయ్యాక లూయీజ్ బడికి కూడా వెళ్లింది. నవంబరు చివర్లో ఊపిరి ఆడకపోవడం, ఒళ్లు కొంకర్లు పోవడం, గుటక పడకపోవడం మొదలయ్యాయి. పాశ్చర్ మళ్లీ సూదులు వేయించి చూశాడు. దోఫిన్ వీధిలో ఆ కుటుంబం ఉన్న గదిలో పిల్ల మంచం పక్కనే కూర్చున్నాడు. ఆయన్ని వెళ్లనివ్వద్దని పిల్ల బతిమాలేది. డిసెంబరు 3న చనిపోయింది. తల్లిదండ్రులకు ఏదో చెప్పబోయి, మెట్లు దిగుతూ ఆయన ఏడ్చేశాడు.

అనుకున్నట్టే నిందలు వచ్చాయి. టీకాయే పిల్లను చంపిందన్నారు. అప్పుడు ఆయన చేసినది కన్నీళ్లతో సరిపెట్టుకునేవాడు చేసేది కాదు. పిల్ల మెదడులోంచి చిన్న ముక్క తీసి కుందేళ్లకు ఎక్కించారు. ప్రయోగశాల టీకాలోని విషమైతే కుందేలు వారం రోజుల్లో చనిపోవాలి. వీధి కుక్క నుంచి వచ్చిందైతే ఎక్కువ రోజులు పట్టాలి. ఆ కుందేళ్లు పద్దెనిమిదో రోజున పక్షవాతంతో పడిపోయాయి. అంటే పిల్లను చంపింది కుక్క కాటే, టీకా కాదు. ఆ తండ్రి తర్వాత రాసిన ఉత్తరంలో పాశ్చర్‌ను తప్పుపట్టలేదు. తన బిడ్డ కోసం పేరుప్రతిష్ఠలు పణంగా పెట్టినవాడని కొనియాడాడు.

*

మన దేశానికి ఈ టీకా త్వరగానే వచ్చింది. 1900లో హిమాచల్ కొండల్లోని కసౌలీలో పాశ్చర్ సంస్థ మొదలైంది. దక్షిణాదివాళ్లకు అది చుక్కల దూరం. 1902లో లిల్లీ పేకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి పిచ్చికుక్క కాటుకు చనిపోవడం మద్రాసు రాజధానిని కదిలించింది. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళం కూడా తోడై 1907లో నీలగిరిలోని కూనూర్‌లో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ తెరుచుకుంది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధాని కిందివే. కూనూర్ అంటే కుక్క కాటు మందు అనేది తాతల కాలంలో మాట.

కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకాకు గొర్రె మెదడు వాడేవారు. దాని వల్లే 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' అనే భయం మన ఇళ్లలో స్థిరపడింది. ఆ మందుతో కొందరికి పక్షవాతం వచ్చిందంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మన దేశంలో 2004 చివరకు ఆ టీకా తయారీ ఆగిపోయింది. ఇప్పుడు చేతికి చిన్న సూదులు, 0, 3, 7, 28 రోజుల్లో. మందు మారి ఇరవై ఏళ్లు దాటినా భయం మారలేదు. ఇంకా ఎంతోమంది పెద్దవాళ్లు పిల్లల్ని ఆసుపత్రికి పంపడానికి వెనకాడేది ఆ పద్నాలుగు సూదుల జ్ఞాపకం వల్లే.

మన ఊళ్లలో ఈ సంభాషణ ఎవరికి తెలియదు?

"ఏమైందిరా కాలికి?"

"ఏం లేదు నాయనమ్మా. కుక్కపిల్ల గీరింది."

"పిల్లేగా, ఏం కాదులే. కాస్త పసుపు రాస్తా. మీ నాన్నకు చెప్పకు, తిడతాడు."

ఇందులో మూడు తప్పులున్నాయి. ఆ మూడూ ప్రేమతో చేసినవే. కుక్కపిల్లకు కూడా రేబిస్ రావచ్చు. గాయం మీద పసుపు, కారం, సున్నం, ఆకు పసరు, ఏదీ పూయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకు కరిగిపోతుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదం, దాచడం. తిడతారని దాచిన పిల్లవాడు రెండు మూడు నెలల తర్వాత నీళ్ల గ్లాసు చూసి వణికే నాటికి ప్రపంచంలో ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఆ దశలో వచ్చినవాళ్లను చూసిన డాక్టర్లు తరాల తరాలుగా ఉన్నారు. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టదగినవాళ్లే.

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో 15 రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా 91 లక్షల జంతు కాట్లు పడుతున్నాయి. రేబిస్ మరణాలు ఏడాదికి 5,726 అని అంచనా. కుక్క కాటు పడినవాళ్లలో ఐదోవంతు మంది ఒక్క డోసూ వేయించుకోలేదు. మొదలుపెట్టినవాళ్లలో కూడా చాలామంది మధ్యలో మానేశారు. మందు ఉన్న దేశంలో జరుగుతున్న చావులివి.

*

పాశ్చర్‌కు ఇంకో ఆలోచన ఉండేది. మనుషులకు కాదు, కుక్కలకే టీకా వేసేస్తే? అసలు ఆయన మొదట అనుకున్నది అదే. కానీ పారిస్ ఒక్క నగరంలోనే లక్షకు పైగా కుక్కలున్నాయి. అన్నిటికీ టీకా వేయడానికి కావలసిన కుందేళ్లు, మనుషులు, డబ్బు ఎక్కడివి? అయ్యే పని కాదని వదిలేశాడు.

సుమారు నూట ముప్పై ఏళ్ల తర్వాత ఆ పని మన దేశంలోనే గోవాలో జరిగింది. దాదాపు ఆయన లెక్క చూసి భయపడినన్ని కుక్కలతోనే, అదీ ప్రతి ఏటా.

ఇంగ్లండ్ పశువైద్యుడు లూక్ గాంబుల్ మొదలుపెట్టిన మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ 2013లో మన దేశంలో పని ప్రారంభించింది. గోవాలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పనిచేసింది. అక్కడ రోజూ జరిగే పని ఇలా ఉంటుంది. పెద్ద చేతివలలతో బృందాలు వీధుల్లోకి వెళతాయి. ఫోన్‌లో మ్యాప్ ఉంటుంది, ఈ రోజు ఈ వీధి నుంచి ఆ కాలువ దాకా అని గీత గీసి ఉంటుంది. అరుగు మీద కూర్చున్న ఇంటాయన తన కుక్కను పట్టుకుంటే అక్కడే సూది. వీధి కుక్కైతే వల. సూది వేశాక ఒంటికి రంగు పూసి వదిలేస్తారు. తర్వాత వేరే వ్యక్తి అదే వీధుల్లో తిరుగుతూ రంగున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్క పెడతాడు. నూటికి డెబ్బైకి తగ్గితే బృందం మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే. డెబ్బై దాటితే వైరస్‌కు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దారి దొరకదు. కుక్కల్ని చంపడంతో ఇది సాధ్యం కాదు. చంపిన చోటుకు పక్క వీధుల నుంచి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి, చచ్చినవాటిలో టీకా పడినవి కూడా ఉంటాయి.

ఏడాదికి 95,000కు పైగా కుక్కలకు టీకా. ఇంకో బృందం బడులకు వెళుతుంది. ఏడాదికి లక్షన్నర మంది పిల్లలకు పాఠం. కుక్క మీదకు వస్తే పరిగెత్తకుండా కదలకుండా నిలబడటం, కరిస్తే సబ్బుతో కడగడం, ఇంట్లో చెప్పడం. ఈ చివరి మాటే అన్నిటికంటే విలువైనదని నాకనిపిస్తుంది. బడిలో టీచర్ చెబితే పిల్లవాడు దాచడు, ఇంట్లో నాయనమ్మకే పాఠం చెబుతాడు.

వీధిలో చొంగ కారుస్తూ, తూలుతూ, కనబడినదాన్నల్లా కరుస్తున్న కుక్క ఉంటే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంది. బృందం వచ్చి దాన్ని పట్టుకుంటుంది. చనిపోతే మెదడు నమూనా పరీక్షకు వెళుతుంది. రేబిస్ అని తేలితే అది ఎవరెవర్ని కరిచిందో వెతికి, వాళ్లను టీకాకు పంపుతారు. చుట్టుపక్కల కుక్కలకు మళ్లీ సూదులు వేస్తారు. విల్లేర్ ఫార్లే మేయరు ఒక్కడు మంచి మనసుతో చేసిన పనిని గోవా ప్రభుత్వ యంత్రాంగం చేసే మామూలు పనిగా మార్చింది. పశుసంవర్ధక శాఖ, ఆరోగ్య శాఖ, బడులు, పంచాయతీలు, స్వచ్ఛంద కార్యకర్తలు, అందరూ ఒకే లెక్క పుస్తకం చూస్తారు.

2013 నుంచి 2019 దాకా జరిగిన ఈ పని ఫలితం 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. కుక్కల్లో నెలకు వచ్చే రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి. రాష్ట్రంలో మనుషుల రేబిస్ మరణాలు ఆగాయి. 2021లో ముఖ్యమంత్రి ప్రమోద్ సావంత్ గోవాను రేబిస్ రహిత రాష్ట్రంగా ప్రకటించారు. ప్రకటనతో పని ముగియలేదు. మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి కుక్కలు గీత చూసుకుని ఆగవు. ఏటా పుట్టే కుక్కపిల్లలకు టీకా ఉండదు. వల పట్టుకుని మళ్లీ వెళ్లాల్సిందే.

*

మన మండల కేంద్రాల్లో పీహెచ్‌సీకీ పశువుల ఆసుపత్రికీ మధ్య దూరం చాలా చోట్ల నడిచి వెళ్లేంతే. రెండింటికీ వేర్వేరు శాఖలు, వేర్వేరు రిజిస్టర్లు. ఒకే వీధి నుంచి ఈ వారం నలుగురు కాటుతో వచ్చారన్న సంగతి నర్సు పుస్తకంలో ఉంటుంది. ఆ వీధిలో ఒక ఆవు నోటి వెంట చొంగ కారుస్తూ చచ్చిందన్న సంగతి పశువుల డాక్టరుకు తెలుస్తుంది. ఈ రెండూ ఒక బల్ల మీద పడితేనే ఆ వీధిలో ఏం తిరుగుతోందో తెలుస్తుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. రోజూ సాయంత్రం ఒక ఫోన్ కాల్ చాలు. ఆశా కార్యకర్తకు ఆ వీధి పేరు చెబితే, 28వ రోజు సూదికి రానివాళ్ల ఇంటి తలుపు ఆమె తడుతుంది. కరిచిన కుక్క పది రోజులు బాగానే తిరుగుతోందా లేదా అని పల్లెల్లో పశువుల బాగోగులు చూసే గోపాలమిత్ర చూసి చెబుతాడు. వీళ్లందరూ మనకు ఇప్పటికే ఉన్నారు, వీధి వీధీ తెలిసినవాళ్లే.

మైస్టర్‌కు మొదటి సూది పడిన జులై 6ను ప్రపంచం జంతువుల నుంచి మనుషులకు వచ్చే వ్యాధుల దినంగా జరుపుకుంటుంది. ఆ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోని పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. గొలుసు కట్టిన కుక్కలు యజమానుల వెంట వచ్చి వరుసలో నిలబడతాయి. మెడలో గొలుసు లేని కుక్కలకు సూది వేయాలంటే మాత్రం మనమే వల పట్టుకుని వీధుల్లోకి వెళ్లాలి. పంచాయతీ కార్యదర్శి, పశువైద్యుడు, పీహెచ్‌సీ డాక్టరు, బడి హెడ్మాస్టరు ఒకసారి కూర్చుంటే ఒక మండలంలో వీధి కుక్కలు ఎన్నున్నాయో ముందు లెక్క తేల్చుకోవచ్చు. గోవాలో కూడా పని నడిచింది లెక్కతోనే.